నవ్వులపాలైన మరమనిషి

భరతుని నాట్యశాస్త్రం హాస్యరసానికి వికృతవేషాన్నీ, అసంబద్ధప్రలాపాన్నీ, అంగవైకల్యదర్శనాన్నీ విభావాలలో చేర్చింది. ఆ హాస్యాన్ని రెండుగా విభజించి, తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఇతరులను నవ్విస్తే పరస్థమనీ పేర్కొంది. ఇరవయ్యో శతాబ్దంలో విజ్ఞాన కల్పనా చలనచిత్రాలు తీర్చిదిద్దిన ఒక హాస్యపాత్రకు ఈ లక్షణాలు చాలావరకు వర్తిస్తాయి. అతడి వేషం వికృతం. మాట సమయానికి పొసగదు. నడకలో కీళ్లు వంగవు. కథకు అవసరమైతే చేయి ఊడిపోతుంది, తల వెనక్కు తిరిగి బిగుసుకుంటుంది. అయితే ఒక విశేషం ఉంది. అతడు ఇతరులను నవ్విస్తాడే గాని తాను నవ్వడు. అతడు మరమనిషి.

ఈ పాత్ర మీద ప్రేక్షకులకు ఉన్న ఫిర్యాదు పాతదే. యుద్ధం ముమ్మరంగా సాగుతున్న వేళ భయంతో వణుకుతూ అడ్డుపడతాడు, ఎవరూ అడగని లెక్కలు చెబుతాడు, చెప్పిందే చెప్పి విసిగిస్తాడు. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కథలో పట్టు సడలినప్పుడు రచయితలు ఈ పాత్రను అరువు నవ్వుల కోసం వాడుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఈ విసుగు కేవలం అభిరుచికి సంబంధించిన విషయమేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. బాధ తెలియదని అందరూ నమ్మే ఒక ఆకారాన్ని బాధపడుతున్నట్టు చూపించి, ఆ బాధను చూసి నవ్వమనడంలో ధర్మాధర్మ విచారణకు చోటుందా? ఉంటే ఆ నవ్వు మరమనిషికి చేసే కీడు ఎంత, నవ్వే మనిషికి చేసే కీడు ఎంత?

ఈ విచారణకు మరమనిషి పుట్టుక నుంచే ఆధారాలు దొరుకుతాయి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం మరుసటి సంవత్సరం ప్రాగ్ నగరంలో ప్రదర్శితమైంది. రోబో అన్న మాట లోకానికి దక్కింది ఆ నాటకం ద్వారానే. ఆ మాటను సూచించినవాడు చాపెక్ సోదరుడు, చిత్రకారుడు యోసెఫ్. దాని మూలధాతువుకు వెట్టిచాకిరీ అని అర్థం. చాపెక్ ఊహించిన రోబోలు ఇనుపబొమ్మలు కావు, రసాయన పదార్థం నుంచి తయారై మనుషుల్లాగే కనిపించే కూలీలు. ఆ నాటకం తొలి భాగంలో హాస్యం ఉన్నది గాని అది రోబోల మీద కాదు. కర్మాగారాన్ని చూడవచ్చిన హెలెనా అనే యువతి అక్కడి రోబోను మనిషి అనుకుంటుంది, ఆ తరువాత మనుషులైన అధికారులను రోబోలని పొరబడుతుంది. నవ్వు పుట్టేది యజమానుల మీద. అదే భాగంలో ఒక శాస్త్రవేత్త రోబోలకు నొప్పి తెలిసే నరాలను అమర్చే ప్రయత్నం చేస్తుంటాడు. దయతో చేసే పని కాదది. నొప్పి తెలియక రోబోలు తమ అవయవాలను తామే పాడుచేసుకుంటున్నాయి, ఆ నష్టాన్ని తగ్గించడం కర్మాగారానికి అవసరం. బాధను కూడా యజమాని తన లాభం కోసం ప్రసాదించగలడన్న ఈ సూచన ఆ నాటకంలోని తీవ్రమైన వ్యంగ్యాలలో ఒకటి.

ఆ తరువాతి దశాబ్దాలలో చలనచిత్రం ఈ కూలీని పనివాడిగా, పనివాడిని హాస్యగాడిగా మార్చింది. 1956లో వచ్చిన 'ఫర్బిడెన్ ప్లానెట్' చిత్రంలో రాబీ అనే మరమనిషి వంట చేస్తాడు, దుస్తులు కుడతాడు, నౌకలోని వంటవాడు ఆశపడితే గ్యాలన్ల కొద్దీ మద్యం తయారుచేసి పెడతాడు. తిరుగుబాటు భయం అక్కడ కనిపించదు. మనిషికి హాని చేయలేని కట్టుబాటు అతడి యంత్రాంగంలోనే ఉంది. భయపెట్టే కూలీ పోయి, విశ్వాసపాత్రుడైన నౌకరు వచ్చాడు. ఇంటి నౌకరును ఆధారం చేసుకొని హాస్యం పండించడం భారతీయ చిత్రాలకూ కొత్త కాదు గనుక ఈ మార్పును అర్థం చేసుకోవడం ఇక్కడి ప్రేక్షకుడికి కష్టం కాదు.

1977లో జార్జ్ లూకాస్ తీసిన 'స్టార్ వార్స్' చిత్రంతో ఈ పాత్ర పూర్తి రూపం దాల్చింది. బంగారు ఛాయతో మెరిసే సీ-త్రీపీఓ మర్యాదలు, భాషలు తెలిసిన దుబాసీ. పొట్టివాడైన ఆర్టూ-డీటూ ఈలలతోనూ కూతలతోనూ మాట్లాడే మరమ్మతుదారు. ఈ జంటకు ప్రేరణ అకిరా కురొసావా 1958లో తీసిన 'ది హిడెన్ ఫోర్ట్రెస్' చిత్రమన్న సంగతి లూకాస్ స్వయంగా చెప్పినదే. ఆ జపాన్ చిత్రంలో తహేయి, మతాషిచి అనే ఇద్దరు పేద రైతులు యుద్ధంలో చిక్కుకొని, బంగారానికి ఆశపడి, ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒక రాకుమార్తెను శత్రుభూమి దాటించే సాహసంలో తమకు తెలియకుండానే భాగస్వాములవుతారు. సేనానుల కథను అట్టడుగు మనుషుల కళ్లతో చెప్పడం అక్కడి ప్రయోగం. లూకాస్ ఆ చూపును స్వీకరించి రైతుల స్థానంలో యంత్రాలను నిలిపాడు. కురొసావా రైతుల మీద ప్రేక్షకుడు నవ్వినా, ఆకలితో, పేదరికంతో నలిగిన మనుషుల మీద నవ్వుతున్నానన్న స్పృహ ఎక్కడో మిగులుతుంది. యంత్రం విషయంలో ఆ స్పృహకు అవకాశం తగ్గింది. నవ్వుకు ఉన్న చివరి సంకోచం తొలగిపోయింది.

ఫ్రెంచి తాత్వికుడు ఆన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వును గురించి వెలువరించిన గ్రంథంలో ఒక ప్రసిద్ధమైన సిద్ధాంతం ఉంది. సజీవుడైన మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందన్నది దాని సారాంశం. దారిలో రాయి ఉన్నా గమనించక అదే ఊపులో నడిచి పడిపోయేవాడు, పరిస్థితి మారినా పాత అలవాటును విడవనివాడు ఇందుకు ఉదాహరణలు. ఆ నవ్వు సమాజం విధించే చిన్న శిక్ష అనీ, బిగుసుకుపోయిన మనిషిని మళ్లీ జీవితపు ఒడుపులోకి తెచ్చేందుకు అది ఉపకరిస్తుందనీ ఆయన భావించాడు. నవ్వే క్షణంలో హృదయానికి తాత్కాలికంగా మత్తు కమ్ముతుందని కూడా ఆయన గుర్తించాడు. మరమనిషి విషయంలో ఈ సిద్ధాంతం తలకిందులవుతుంది. యంత్రంలా ప్రవర్తించే మనిషి ఇక్కడ లేడు, మనిషిలా ప్రవర్తించే యంత్రం ఉంది. సీ-త్రీపీఓ నవ్విస్తున్నది కీళ్లు బిగుసుకుపోయినందుకు మాత్రమే కాదు, భయపడుతున్నందుకు, గౌరవం కోరుతున్నందుకు, స్నేహితుడి మీద అలుగుతున్నందుకు. మనిషిని సజీవత్వం వైపు మళ్లించే నవ్వు ఇక్కడ సజీవత్వపు ఛాయలనే పరిహసిస్తున్నది.

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో హాస్యాస్పదమైన లోపానికి ఒక హద్దు గీశాడు. అది బాధాకరమూ వినాశకరమూ కాకూడదన్నాడు. బాధ కనిపించిన చోట నవ్వు నిలవదు. మరమనిషి ఈ నియమానికి సరిగ్గా సరిపోయే పాత్ర అనిపిస్తుంది. అతడి చేయి విరిగితే నెత్తురు కారదు, మళ్లీ అతికించవచ్చు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నిజంగా ఏ భావమూ లేని యంత్రం, ఉదాహరణకు ఒక నీళ్ల మోటారు, చెడిపోతే ఎవరూ నవ్వరు. మరమనిషి పడిపోయినప్పుడు నవ్వు రావాలంటే అతడు భయపడాలి, వేడుకోవాలి, వాపోవాలి. అంటే నవ్వు కోసం అతడు ఎవరో ఒక వ్యక్తి కావాలి. ఆ నవ్వుకు జవాబుదారీ వహించవలసి వచ్చినప్పుడు మాత్రం అతడు వట్టి వస్తువు కావాలి. ఒకే పాత్రను అవసరాన్ని బట్టి వ్యక్తిగానూ వస్తువుగానూ వాడుకొనే ఈ సౌకర్యంలోనే నైతిక సమస్య దాగి ఉంది. బానిసత్వం నడిచిన ప్రతి సమాజంలోనూ ఇదే సౌకర్యం ఉండేది. పనికీ విధేయతకూ బానిసను మనిషిగా లెక్కించేవారు, క్రయవిక్రయాల వేళ సరుకుగా లెక్కించేవారు.

రెండు చిత్రాలలోని రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో హాల్ అనే గణకయంత్రం తన నౌకలోని నలుగురు వ్యోమగాముల మరణానికి కారణమవుతుంది. మిగిలిన ఒక్కడు దాని జ్ఞాపకాల పలకలను ఒక్కొక్కటిగా ఊడదీస్తుంటే, భయంగా ఉందనీ, తన మనసు జారిపోతున్నదనీ అది మెల్లగా చెబుతుంది. ప్రేక్షకశాలలో ఎవరూ నవ్వరు. 1980 నాటి 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో సీ-త్రీపీఓ ఎవరినీ చంపలేదు. ప్రాణాపాయం గురించి హెచ్చరిస్తూ, లొంగిపోవడం మేలని సలహా చెబుతున్నాడు. రాకుమార్తె లేయా చేయి చాచి అతడి మీట నొక్కుతుంది, మాట మధ్యలోనే ఆగిపోతుంది. ప్రేక్షకులు హాయిగా నవ్వుతారు. హంతకుడి మాట ఆగిపోతే జాలి, హెచ్చరించినవాడి మాట ఆగిపోతే నవ్వు. తేడా నేరంలో లేదు, అంతస్తులో ఉంది. హాల్ నౌకను శాసించినవాడు, సీ-త్రీపీఓ నౌకరు. అధికారం ఉన్నవాడి పతనం విషాదమనీ, లేనివాడి పతనం ప్రహసనమనీ పాత నాటకాలు పాటించిన అంతరం భవిష్యత్తును చిత్రించే కథలలోనూ చెక్కుచెదరలేదు.

ఇదంతా బొమ్మల కథ, ఇందులో ఎవరికి దెబ్బ తగిలిందని అడగవచ్చు. ఆ బంగారు తొడుగు లోపల ఆంథొనీ డేనియల్స్ అనే నటుడు ఉన్నాడు, అతడు తన పని తాను చేశాడు, ఏ యంత్రానికీ బాధ కలగలేదు. ఈ అభ్యంతరం సబబైనదే. యంత్రానికి హక్కులున్నాయా అన్న చర్చకు ఇక్కడ అవసరం కూడా లేదు. ఇమ్మాన్యుయేల్ కాంట్ జంతువుల విషయంలో చెప్పిన తర్కం ఈ సందర్భానికి చాలును. జంతువుల పట్ల మనిషికి నేరుగా బాధ్యత లేదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఈనాడు చాలామంది అంగీకరించరు. అయినా, చిరకాలం సేవచేసి ముసలిదైన కుక్కను ఇక పనికిరాదని కాల్చిచంపేవాడు తనలోని మానవత్వాన్నే గాయపరచుకుంటున్నాడనీ, నిర్దయకు అలవాటుపడిన చేయి మనుషుల దగ్గర ఆగదనీ ఆయన హెచ్చరించాడు. చూసేవాడి విషయంలోనూ ఈ మాట చెల్లుతుంది. దెబ్బ తగిలినవాడు కల్పితుడు కావచ్చు. చూసినవాడికి కలిగిన అలవాటు కల్పితం కాదు.

ఆ అలవాటులో ముఖ్యమైనది వినకపోవడం. సీ-త్రీపీఓ చెప్పే లెక్కలు విసుగు పుట్టిస్తాయి గాని వాటిలో అబద్ధం లేదు. క్లౌడ్ సిటీలో శత్రుసైనికులు పొంచి ఉన్నారన్న సంగతి మొదట తెలిసింది అతడికే. ఆ క్షణంలోనే అతడిని కాల్చి ముక్కలు చేస్తారు. ముక్కలు చేతికి దొరికిన తరువాత కూడా అతడికి ఏమి తెలిసిందన్న విచారణ జరగదు, తల వెనక్కు తిప్పి బిగించిన వేడుక మాత్రం సాగుతుంది. నవ్వించేవాడి మాటకు విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో కాళిదాసు ఏనాడో చూపించాడు. శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు శకుంతల మీది ప్రేమను గురించి విదూషకుడైన మాధవ్యుడికి చెప్పి, చివరకు అదంతా పరిహాసమని నమ్మించి నగరానికి పంపుతాడు. శాపవశాన రాజు అన్నీ మరచిన రోజున గుర్తుచేయగలిగిన సాక్షి లేకుండా పోయాడు. ఆరో అంకంలో రాజు ఆ మాట అడిగితే, పరిహాసమని తమరే సెలవిచ్చారు కదా అని విదూషకుడు జవాబిస్తాడు. సాక్షిని హాస్యగాడిగా మాత్రమే చూసిన తప్పు రాజుది, ఫలితం అనుభవించింది శకుంతల.

పాత రంగస్థలం హాస్యగాడికి ఒక హక్కును మిగిల్చింది. మృచ్ఛకటికంలోని మైత్రేయుడు దరిద్రుడైన చారుదత్తుడిని విడిచిపోడు, అతడి ఔదార్యం అవివేకమైన చోట ఆ మాట చెప్పకా మానడు. షేక్‌స్పియర్ సృష్టించిన లియర్ రాజు దగ్గరి విదూషకుడు, మంత్రులు చెప్పలేని నిజాన్ని రాజు మొహం మీదే చెబుతాడు. తెలుగు పల్లెల్లో తోలుబొమ్మలాట చూసినవారికి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క పరిచితులే. రామాయణ భారత కథల మధ్య చొరబడి, ఊరి సంగతులనూ పెద్దల గొప్పలనూ ఎత్తిపొడిచే స్వేచ్ఛ ఆ బొమ్మలకు ఉంది. వారు కూడా మనుషులు కారు, తోలుముక్కలు. అయినా వారి మీద వచ్చే నవ్వు వారితో ఆగక, చుట్టూ కూర్చున్నవారి మీదికి మళ్లుతుంది. నవ్వించే బొమ్మకూ నవ్వులపాలయ్యే బొమ్మకూ మధ్య ఉన్న తేడా ఇదే.

శంకర్ దర్శకత్వంలో 2010లో వచ్చి, తెలుగులో 'రోబో' పేరుతో విడుదలైన చిత్రం ఈ రెండు స్థితులనూ చూపించింది. చిట్టి అనే యంత్రం ప్రతి మాటనూ అక్షరార్థంలో తీసుకోవడం మొదట్లో నవ్విస్తుంది. అదే లక్షణం అగ్నిప్రమాదంలో విషాదానికి దారితీస్తుంది. స్నానం చేస్తున్న ఒక బాలికను చిట్టి మంటల్లోంచి కాపాడి అదే స్థితిలో జనం ముందుకు తెస్తాడు. ప్రాణం విలువ తెలిసిన యంత్రానికి మానం విలువ తెలియదు. అవమానం భరించలేక పారిపోతూ ఆ బాలిక వాహనం కిందపడి మరణిస్తుంది. కథాంతంలో న్యాయస్థానం తీర్పు మేరకు చిట్టి తన అవయవాలను తానే విడదీసుకుంటూ వీడ్కోలు చెబుతాడు. అంతవరకు నవ్విన ప్రేక్షకుడు అక్కడ కంటతడి పెడతాడు. మాట పూర్తయ్యేదాకా ఆ యంత్రాన్ని మాట్లాడనివ్వడమే ఈ మార్పుకు కారణం.

అన్ని చిత్రాలూ ఆ మర్యాద పాటించలేదు. 2009 నాటి 'ట్రాన్స్‌ఫార్మర్స్: రివెంజ్ ఆఫ్ ది ఫాలెన్'లోని కవల యంత్రాలు నల్లజాతి ప్రజలను అవహేళన చేసే పాత మూసలో ఉన్నాయని అమెరికాలో తీవ్రమైన విమర్శ వచ్చింది. మనుషుల మీద బహిరంగంగా వేయడానికి సభ్యత అడ్డువచ్చే పరిహాసం యంత్రం ముసుగులో తిరిగివచ్చిందన్నమాట. 2018లో వచ్చిన 'సోలో' చిత్రంలో ఎల్3-37 అనే యంత్రం తనవారికి సమాన హక్కులు కావాలని అడుగుతుంది. చిత్రం ఆ కోరికను చాలావరకు వినోదంగానే చూపింది. గనిలో పనిచేసే యంత్రాలను విడిపించే ప్రయత్నంలో అది కూలిపోతే, దాని మేధస్సును నౌకలోని గణకయంత్రంతో కలిపి దారి కనుక్కోవడానికి వాడుకుంటారు. విడుదల కోరిన గొంతు యజమాని వాహనంలో భాగమైపోయింది. ఇందులోని విషాదాన్ని గుర్తించడానికి ఎక్కువ సానుభూతి అవసరం లేదు, కాస్త నెమ్మది చాలు.

ఈ ప్రశ్న ఈనాడు వెండితెర దాటి ఇళ్లలోకి వచ్చింది. పిలిస్తే పలికే యంత్రాలు గదుల్లోనూ జేబుల్లోనూ ఉన్నాయి. ఆడగొంతుతో మాట్లాడే ఈ సహాయక యంత్రాలు అసభ్యమైన తిట్లకు కూడా వినయంగానో చమత్కారంగానో జవాబిచ్చేలా తయారయ్యాయనీ, స్త్రీ విధేయురాలన్న భావాన్ని అవి బలపరుస్తున్నాయనీ యునెస్కో 2019లో వెలువరించిన ఒక నివేదిక ఆక్షేపించింది. కెనడా పరిశోధకులు తయారుచేసిన హిచ్‌బాట్ అనే యంత్రం అపరిచితుల వాహనాలలో ప్రయాణం అడుగుతూ 2014లో ఆ దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి క్షేమంగా దాటింది. 2015లో అమెరికా యాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఫిలడెల్ఫియాలో దాన్ని ఎవరో ధ్వంసం చేశారు. దానికి నొప్పి తెలియలేదు. అయినా ఎంతోమంది ఆ వార్తకు నొచ్చుకున్నారు. ఎదురు తిరగలేనిది చేతికి చిక్కినప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నదానికి ఆ యంత్రం ఒక చిన్న పరీక్షగా నిలిచింది.

అందువల్ల మరమనిషిని చూసి నవ్వడం పాపమనడానికి వీలులేదు. హాస్యం లేని భవిష్యత్తును ఎవరూ కోరుకోరు. కోరదగినది నవ్వులో సమానత. 1972లో డగ్లస్ ట్రంబుల్ తీసిన 'సైలెంట్ రన్నింగ్' చిత్రం అందుకు మంచి ఉదాహరణ. భూమి మీద అడవులు అంతరించిన కాలంలో, అంతరిక్షనౌకలలో మిగిలిన చివరి వనాన్ని కాపాడే లోవెల్ అనే వ్యక్తికి తోడు చిన్న యంత్రాలు. అవి మాట్లాడవు. ఒంటరితనం భరించలేక అతడు వాటికి పేకాట నేర్పుతాడు, ఆటలో ఒక యంత్రం చేతిలో ఓడిపోయి పగలబడి నవ్వుతాడు. అక్కడ నవ్వులపాలైనది మనిషే, అందుకు ఆనందించినదీ అతడే. ఆ నవ్వులో మీట నొక్కి నోరు మూయించే అధికారం లేదు. చివరకు వనాన్ని కాపాడే బాధ్యతను అతడు ఒక యంత్రానికి అప్పగిస్తాడు. పాత నీళ్లడబ్బా పట్టుకొని ఆ యంత్రం ఒక్కతే మొక్కలకు నీరు పోస్తుండగా చిత్రం ముగుస్తుంది.

నవ్వు ఎవరి మీద అన్నదానికంటే, నవ్వు ముగిసిన తరువాత ఎవరి మాట వినబడుతుందన్నది ముఖ్యమైన ప్రశ్న. సేవ చేసేవాడి మాట విసుగు పుట్టించవచ్చు, అసందర్భంగా ఉండవచ్చు, నవ్వు తెప్పించవచ్చు. అది నిజం కూడా కావచ్చు. వింటూ నవ్వేవాడు విదూషకుణ్ణి గౌరవించినవాడవుతాడు. వినకుండా ఉండడానికి నవ్వేవాడు, అవతల ఉన్నది ఇనుపబొమ్మే అయినా, ఇంట్లో వంటగది గుమ్మం దగ్గరా కార్యాలయంలో ద్వారం దగ్గరా నిలబడినవారి మాటను పెడచెవిన పెట్టడానికి తెలియకుండానే సాధన చేస్తున్నవాడవుతాడు.